శుక్రవారం రాత్రి అనుకుని శనివారం కొండలకు: మ్యూనిక్‌లో ఉంటున్నవారు ఎలా బయలుదేరాలి?

మ్యూనిక్‌లో చదువుకో ఉద్యోగానికో వచ్చి ఉంటున్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో శుక్రవారం సాయంత్రం ఒక తంతు నడుస్తుంది. ఎవరో ఒకరు "రేపు ఎక్కడికైనా పోదామా" అని అడుగుతారు. అక్కడి నుంచి అయిదారు ఊళ్ళ పేర్లు, రెండుసార్లు ఓటింగు, ఒకరికి బట్టలుతికే పని, ఇంకొకరికి ఇండియా ఫోను కాల్ వరుసగా వచ్చిపడి, అర్ధరాత్రికి "వచ్చే వారం చూద్దాం" అన్న మాటతో ముచ్చట ముగుస్తుంది. ఆ వచ్చే వారం వచ్చేసరికి ఆకులు రాలి, గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పి, సాయంత్రం అయిదింటికే చీకటి పడే రోజులు మొదలై ఉంటాయి.

ఈ ఊరికి దక్షిణంగా గంట, గంటన్నర రైలు దూరంలో ఆల్ప్స్ పర్వతాలు, పెద్ద సరస్సులు ఉన్నాయి. అప్పటికప్పుడు అనుకుని వెళ్ళి రావడం ఏమాత్రం కష్టం కాదు. అయితే ఆలోచనను తలకిందులుగా మొదలుపెట్టాలి. "ఎక్కడికి వెళ్దాం" అన్న ప్రశ్నను పక్కన పెట్టి, "ఏ బండిలో తిరిగి వద్దాం" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ఇది నాకు అనుభవం మీద తెలిసిన సంగతి. ఆ అనుభవమేమిటో కొంచెం ముందుకు వెళ్ళాక చెబుతాను.

ముందే తెలిసి ఉండవలసింది: టికెట్టు

శుక్రవారం రాత్రి చర్చ చెడిపోవడానికి సగం కారణం టికెట్ల లెక్క. అందుకే ఈ ఒక్క విషయం మామూలు రోజుల్లోనే తేల్చి పెట్టుకోండి. మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే పని దాదాపు అయిపోయినట్టే. 2023 మే నెలలో 49 యూరోలతో మొదలైన ఈ నెలవారీ చందా 2025లో 58 యూరోలకు, 2026 జనవరి నుంచి 63 యూరోలకు పెరిగింది. దేశమంతటా రీజనల్ రైళ్ళలోను, ఎస్-బాన్ (నగర శివార్ల లోకల్ రైలు), ఊ-బాన్ (మెట్రో), ట్రాము, బస్సుల్లోను ఇది చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ, ఈసీ వంటి దూరప్రాంతపు రైళ్ళలో, ప్రైవేటు కంపెనీల దూరప్రయాణపు బస్సుల్లో చెల్లదు. కొత్తగా వచ్చినవారు పొరపడేది ఇక్కడే: ఒకే ప్లాట్‌ఫారం మీద ముందు వచ్చిన తెల్ల ఐసీఈ రైలు ఎక్కేసి, తరువాత స్టేషను దాకా చెమటలు పట్టి కూర్చుంటారు. చెల్లే టికెట్టు లేకుండా పట్టుబడితే 60 యూరోల జరిమానా తప్పదు. నెలవారీ టికెట్టు ఉంది కదా అని టికెట్ కలెక్టరుకు చెప్పుకున్నా ఫలితం ఉండదు. అన్నట్టు, ఈ టికెట్టు మీ పేరు మీద ఉంటుంది కాబట్టి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కూడా వెంట ఉండాలి.

డాయిచ్‌లాండ్ టికెట్ లేనివారికి బైయర్న్ టికెట్ ఉంది. దీన్ని ఒక్కరికైనా కొనుక్కోవచ్చు, గరిష్ఠంగా అయిదుగురికి కలిపి కూడా తీసుకోవచ్చు. మనుషులు పెరిగేకొద్దీ తలసరి ఖర్చు బాగా తగ్గుతుంది. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రమంతటా ఒక రోజంతా రీజనల్ రైళ్ళలో చెల్లుతుంది. సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని జాల్జ్‌బుర్గ్, కూఫ్‌స్టైన్ స్టేషన్ల వరకు కూడా పనికొస్తుంది. శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో అర్ధరాత్రి నుంచి, మామూలు పనిదినాల్లో మాత్రం ఉదయం తొమ్మిది నుంచి మరునాడు తెల్లవారుజామున మూడు గంటల దాకా చెల్లుతుంది. కాబట్టి శుక్రవారం సెలవు పెట్టుకుని ఏడింటి బండి ఎక్కాలనుకుంటే ఈ టికెట్టుతో కుదరదు. టికెట్టు మీద ప్రయాణించే అందరి పేర్లూ ఉండాలి; కాగితం టికెట్టు అయితే బండి ఎక్కకముందే పెన్నుతో రాసుకోండి. వేసవిలో అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నప్పుడు ఈ టికెట్టే మేలు: మీకు డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది, వారిద్దరికీ ఒక బైయర్న్ టికెట్ చాలు.

ఇంకొక చిన్న ఏర్పాటు ఫోనులో చేసుకోవాలి. జర్మన్ రైల్వే వారి డీబీ నావిగేటర్ యాప్‌లో డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లే బండ్లను మాత్రమే చూపించమని అడిగే మీట ఉంది. దాన్ని ఆన్ చేసి ఉంచితే ఐసీఈలు కంటపడవు, పొరపాటూ జరగదు.

శుక్రవారం రాత్రి: చివరి బండి నుంచి వెనక్కి లెక్క

ఇప్పుడు నా సంగతి చెబుతాను. నాలుగేళ్ళ క్రితం సెప్టెంబరులో ఒక శనివారం ముగ్గురం కలిసి వాల్హెన్‌జే సరస్సుకు వెళ్ళాము. కోఖెల్ వరకు రైలు, అక్కడి నుంచి కొండ దాటించే బస్సు. కేబుల్ కారులో హెర్జోగ్‌స్టాండ్ కొండ పైకి వెళ్ళి, కిందికి దిగి, సరస్సు ఒడ్డున కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని, బస్సుకు ఇంకా ముప్పావు గంట ఉందని తీరుబడిగా ఉర్‌ఫెల్డ్ దాకా నడిచాము. ఆగిన చోట కాలపట్టిక చూశాను, సమయం సరిగ్గానే ఉంది. బస్సు రాలేదు. మళ్ళీ దగ్గరగా వెళ్ళి చూస్తే, నేను చదివిన వరుస పైన చిన్న అక్షరాలతో "మో-ఎఫ్‌ఆర్" అని ఉంది, అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా. శనివారపు వరుస పక్కన ఉంది; అందులో చివరి బస్సు గంట క్రితమే పోయింది. మన ఊళ్ళో చివరి బస్సు పోతే షేర్ ఆటో దొరుకుతుంది, అదీ లేకపోతే పాల వ్యానో ఇసుక లారీయో ఆపుతారు. ఆ సరస్సు ఒడ్డున మాకు ఏదీ దొరకలేదు. కెసెల్‌బెర్గ్ కనుమ మీదుగా ఫోను వెలుగులో రెండు గంటలకు పైగా నడిచి కోఖెల్ చేరేసరికి మాలో ఒకరి చెప్పు తెగింది, ముగ్గురి మధ్యా మాటలు ఆగిపోయాయి.

అందుకే శుక్రవారం రాత్రి చేయవలసిన మొదటి పని ఇది. ఏదో ఒక చోటు అనుకోగానే, వెళ్ళే బండి చూడకముందే, అక్కడి నుంచి శనివారం సాయంత్రం తిరిగి వచ్చే బండ్లు యాప్‌లో చూడండి. రైలు ఒక్కటే అయితే భయం లేదు, రాత్రి పది దాటాక కూడా గంటకొకటి దొరికే మార్గాలు చాలా ఉన్నాయి. బస్సు ఉంటే మాత్రం జాగ్రత్త పడండి. చివరి బస్సు ఎన్నింటికో రాసుకోండి, దానికి ముందరి బస్సును మీ బస్సుగా పెట్టుకోండి, చివరిదాన్ని ఆపద్ధర్మంగా వదిలేయండి. కాలపట్టికలో "ఎస్‌ఏ" అంటే శనివారం, "ఎస్‌ఓ" అంటే ఆదివారం. సమయం పక్కన ఒక్క "ఎస్" అక్షరం కనిపిస్తే అది సాధారణంగా బడి ఉన్న రోజుల్లో మాత్రమే నడిచే బస్సు, కాబట్టి కాలపట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వివరణ తప్పక చదవండి. సెలవు రోజులకు ఆదివారపు వరుసే వర్తిస్తుంది. కొండ మీదికి కేబుల్ కారు ఎక్కేట్టయితే దాని చివరి దిగుడు సమయం కూడా ఇదే కాగితంలో చేరాలి. ఇది కొన్ని చోట్ల సాయంత్రం నాలుగున్నర, అయిదు గంటలకే ముగుస్తుంది.

తిరుగు సమయం తేలగానే వెలుతురు సంగతి చూసుకోండి. జూన్ చివర మ్యూనిక్‌లో సూర్యుడు రాత్రి తొమ్మిది దాటాక అస్తమిస్తాడు, డిసెంబరులో నాలుగున్నర కూడా కాకముందే. కాబట్టి ఒకే దారి జూన్‌లో సాయంత్రపు షికారు, నవంబరులో చీకటి నడక.

చోటు: నిద్ర లేచే సమయాన్ని బట్టి

ఇక ఎక్కడికి అన్న ప్రశ్న. దీన్ని ఓటింగుకు పెట్టకండి. గ్రూపులో ఒకరు చెప్పాలి, మిగతావారు వస్తామో రామో మాత్రమే చెప్పాలి. ఒక రోజుకు ఒక చోటు చాలు. "దారిలోనే కదా" అని రెండో ఊరు కలిపితే రెండూ సరిగా చూడలేరు. మీరు శనివారం నిజంగా ఎన్నింటికి లేస్తారో ఆలోచించి, దాన్ని బట్టి ఎంచుకోవడం మంచి పద్ధతి.

పది దాటాక గాని లేవలేని బృందమైతే ఎస్-8 అనే ఎస్-బాన్ ఎక్కి చివరి స్టేషను హెర్‌షింగ్‌లో దిగండి. ఊరి మధ్య నుంచి సుమారు ముప్పావు గంట. స్టేషను బయటే అమ్మెర్‌జే సరస్సు. అక్కడి నుంచి కీన్‌తాల్ అనే లోయ గుండా, వాగు పక్కగా, బీచ్ చెట్ల అడవిలో గంటసేపు నడిస్తే ఆండెక్స్ మఠం వస్తుంది. చివరి కొద్ది దూరం ఎక్కుడుగా ఉంటుంది, అంతే. బెనెడిక్టు సంప్రదాయపు సన్యాసులు 1455 నుంచి ఉన్న ఈ గుట్ట మీద బరోక్ శైలి చర్చి ఉంది, మఠం వారు స్వయంగా కాచే బీరు ఉంది. బీరు తాగనివారు, మాంసం తిననివారు బ్రెత్సెల్ అనే మెలి తిప్పిన ఉప్పు రొట్టె, దానితో ఒబాట్స్‌డా అనే మెత్తని చీజ్ ముద్ద తీసుకుని ఆవరణలో కూర్చోవచ్చు. ఒబాట్స్‌డాలో ఉల్లిపాయ, మిరపపొడి ఉంటాయి, మనకు పరాయి రుచి అనిపించదు. మధ్యాహ్నం రెండింటికి బయలుదేరినా ఈ ప్రయాణం సాగుతుంది కాబట్టి, గ్రూపులో అందరికన్నా బద్ధకస్తులు ఉన్న రోజుకు దీన్ని దాచుకోండి.

ఎనిమిది, తొమ్మిదికి లేవగలిగితే టేగెర్న్‌జే. గంటకు కొంచెం పైగా రైలు. చివరి స్టేషను టేగెర్న్‌జే దాకా వెళ్ళకుండా ఒక స్టేషను ముందు, గ్‌ముండ్‌లో దిగి, సరస్సు పైవైపు కొండవాలు మీద సాగే బాటలో రెండు గంటలు నడిచి టేగెర్న్‌జే చేరండి. నీరు ఎప్పుడూ కుడిచేతి వైపు కనబడుతూనే ఉంటుంది కనుక దారి తప్పడం కష్టం. పెద్దవాళ్ళు వెంట ఉంటే నడక మానేసి సరస్సులో తిరిగే పడవ ఎక్కించండి.

ఏడింటికి లేచే ఓపిక ఉంటే గార్మిష్-పార్టెన్‌కిర్హెన్. నాకు ఇష్టమైనది ఇదే, కాబట్టి దీని గురించి కింద విడిగా రాస్తాను.

నాయ్‌ష్వాన్‌స్టైన్ కోటను అప్పటికప్పుడు అనుకునే ప్రయాణానికి పెట్టుకోవద్దని నా సలహా. రెండవ లూడ్విగ్ రాజు కట్టించిన ఆ కోట, ఆయన మిగతా భవనాలతో పాటు 2025లో యునెస్కో జాబితాలో చేరింది. లోపలికి వెళ్ళే టికెట్టుకు నిర్ణీత సమయం ఉంటుంది, వేసవి శనివారాల్లో అవి ముందుగానే అమ్ముడవుతాయి. బయటి నుంచి చూస్తే చాలనుకునేవారు వెళ్ళవచ్చు గాని, రానూ పోనూ నాలుగు గంటల రైలు ప్రయాణం చేసి గోడలు చూసి రావడం చాలామందికి అసంతృప్తి మిగులుస్తుంది.

సంచి

సంచి రాత్రే సర్దుకోండి. నీళ్ళ సీసా ఇంట్లో కుళాయి దగ్గర నింపుకోవచ్చు, మ్యూనిక్ కుళాయి నీరు ఆల్ప్స్ అంచు లోయల నుంచే వస్తుంది, శుభ్రంగా ఉంటుంది. భోజనం ఇంటి నుంచి తీసుకువెళ్ళడమే ఉత్తమం. పులిహోర, పెరుగు కలిపిన అన్నం, గట్టిగా మూతపడే డబ్బాలో ఆవకాయ ఉంటే అయిదుగురికి ఇరవై నిమిషాల పని. రైల్లో తినడానికి అభ్యంతరం లేదు, ఆవకాయ మూత మాత్రం బయటికి వెళ్ళాక తీయండి. శుక్రవారం రాత్రి ఎనిమిది లోపు దుకాణానికి వెళ్ళడం మరచిపోకండి, బవేరియాలో సూపర్‌మార్కెట్లు ఆ వేళకు మూసేస్తారు. ఆదివారం వెళ్ళేట్టయితే శనివారమే కొనాలి, ఎందుకంటే ఆదివారం కొన్ని గంటల పాటు తెరిచే బేకరీలు తప్ప ఊళ్ళల్లో దుకాణాలు ఉండవు.

నోట్లు, చిల్లర తప్పక ఉండాలి. కొండ మీది చిన్న విశ్రాంతి గృహాల్లో కార్డు తీసుకోనివి ఇంకా ఉన్నాయి, స్టేషన్లలో మరుగుదొడ్డికి అర యూరో, యూరో నాణెం అడుగుతారు. వాన చొక్కా, ఒక స్వెట్టరు వేసవిలో కూడా పెట్టుకోండి. వెయ్యి మీటర్లు పైకి వెళితే సుమారు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. మ్యూనిక్‌లో 28 డిగ్రీలున్న మధ్యాహ్నం 2962 మీటర్ల త్సుగ్‌స్పిట్సె శిఖరం మీద చేతులు జేబులో పెట్టుకోవలసి వస్తుంది. ఒక్క విషయంలో మొహమాటం వద్దు: చెప్పులు, తెల్లని క్యాన్వాసు బూట్లు వేసుకువచ్చిన స్నేహితుణ్ణి ఇంటి గుమ్మం దగ్గరే వెనక్కి పంపి బూట్లు మార్పించండి.

శనివారం ఉదయం స్టేషనులో

మ్యూనిక్ హాప్ట్‌బాన్‌హోఫ్‌లో, అంటే ప్రధాన రైల్వే స్టేషనులో, గార్మిష్ వైపు వెళ్ళే రైళ్ళు 27 నుంచి 36 వరకు ఉన్న ప్లాట్‌ఫారాల నుంచి బయలుదేరతాయి. ఈ భాగాన్ని స్టార్న్‌బెర్గ్ రెక్క అంటారు. ఇది పెద్ద హాలుకు ఉత్తరపు పక్కన, లోపలికి ఉంటుంది. ఊ-బాన్ నుంచి పైకి వచ్చి, అటూ ఇటూ చూసి, అక్కడికి నడవడానికి పది నిమిషాలు పెట్టుకోండి. ఎండ కాసిన శనివారం ఎనిమిది నుంచి పది మధ్య బండ్లు కిక్కిరిసి ఉంటాయి. సైకిళ్ళు, చంకన పెట్టుకున్న స్కీలు, కుక్కలు అన్నీ ఎక్కుతాయి. పదిహేను నిమిషాల ముందు వస్తే కూర్చునే చోటు దొరుకుతుంది.

టేగెర్న్‌జే వైపు వెళ్ళేవారికి ఇంకో సంగతి. ఆ మార్గంలో బండి ఒక్కటిగా బయలుదేరి దారిలో విడిపోతుంది. హోల్జ్‌కిర్హెన్‌లో ఒక భాగం బైరిష్‌సెల్ వైపు తెగిపోతుంది, షాఫ్ట్‌లాఖ్‌లో మిగతా రెండు భాగాలు లెంగ్‌గ్రీస్‌కు ఒకటి, టేగెర్న్‌జేకు ఒకటిగా చీలతాయి. కాబట్టి బండి సరైనదే అయినా పెట్టె తప్పు కావచ్చు. ఎక్కేముందు తలుపు పక్కన ఉన్న తెరమీద ఊరి పేరు చదవండి, ఎక్కాక లోపలి తెరమీద మరోసారి చదవండి. గ్రూపులో ముగ్గురు ముందు ఎక్కి, పరుగెత్తుకొచ్చిన ఇద్దరు చివరి పెట్టెలో దూరి, రెండు వేర్వేరు లోయల్లో తేలిన వారిని నేనెరుగుదును.

వారాంతాల్లో పట్టాల మరమ్మతులు పెట్టుకోవడం ఇక్కడి అలవాటు. యాప్‌లో మీ మార్గం దగ్గర "ఎస్‌ఈవీ" అన్న మూడక్షరాలు కనిపిస్తే, కొంత దూరం రైలుకు బదులు బస్సు నడుస్తుందని అర్థం. అలాంటప్పుడు అరగంట, గంట అదనంగా పడుతుంది, బస్సు స్టేషను ఎదురుగా కాకుండా పక్క వీధిలో ఆగవచ్చు. నేనైతే ఎస్‌ఈవీ చూసిన వెంటనే ఊరు మార్చేస్తాను. ఊరి మధ్య గుండా పోయే ఎస్-బాన్ సొరంగ మార్గం కూడా కొన్ని వారాంతాల్లో మూతపడుతుంది, హెర్‌షింగ్ వెళ్ళేవారు దాన్ని చూసుకోవాలి.

గార్మిష్-పార్టెన్‌కిర్హెన్‌లో ఒక రోజు

రైలు గంటా ఇరవై నిమిషాలకు అటూఇటుగా పడుతుంది. గార్మిష్, పార్టెన్‌కిర్హెన్ ఒకప్పుడు రెండు ఊళ్ళు. 1936 శీతాకాల ఒలింపిక్స్ కోసం అంతకు ముందటి ఏడాది వాటిని కలిపేశారు. మనం పలకలేక గార్మిష్ అని మాత్రమే అంటే పార్టెన్‌కిర్హెన్ వారు ఇప్పటికీ నొచ్చుకుంటారు. స్టేషను నుంచి ఊరి బస్సులో గాని, ఇరవై అయిదు నిమిషాలు నడిచి గాని ఒలింపిక్ స్కీ స్టేడియం చేరండి. ఏటా జనవరి 1న టీవీలో కనిపించే స్కీ జంపింగ్ పోటీ జరిగేది ఇక్కడే. దాని వెనక నుంచి తారు బాట మీద మరో ఇరవై అయిదు నిమిషాలు నడిస్తే పార్ట్‌నాహ్‌క్లమ్ ప్రవేశ ద్వారం, టికెట్టు కిటికీ వస్తాయి. నడవలేనివారికి స్టేడియం దగ్గర గుర్రపు బండ్లు ఉంటాయి.

క్లమ్ అంటే ఇరుకైన కొండ చీలిక. త్సుగ్‌స్పిట్సె వైపు నుంచి కరిగి వచ్చే నీరు పార్ట్‌నాహ్ వాగుగా మారి ఇక్కడ 700 మీటర్ల పొడవున, 80 మీటర్లకు పైగా లోతున రాతిని కోసుకుంటూ పారింది. పూర్వం పై అడవుల్లో నరికిన దుంగలను ఈ నీటిలోనే కిందికి తేల్చేవారు. దారిలో చిక్కుకున్న దుంగలను విడదీయడానికి మనుషులు తాళ్ళతో లోపలికి దిగేవారు. 1912లో దీన్ని ప్రకృతి చిహ్నంగా ప్రకటించారు. ఇప్పుడు రాతిలో తొలిచిన బాట ఉంది, ఒక చేతి వైపు కొండ, మరో చేతి వైపు ఇనుప తీగ, దాని అవతల నీరు. లోపలికి వెళ్ళిన రెండు నిమిషాలకే ఎండ పోతుంది, పక్కవారి మాట వినబడదు, బయట ఎంత ఎండ ఉన్నా పైనుంచి నీటి చుక్కలు మెడ మీద పడుతూనే ఉంటాయి. సొరంగపు ముక్కల్లో పైకప్పు అక్కడక్కడ కిందికి ఉంటుంది, పొడుగువారు తల వంచుకోవాలి. ఎదురుగా వచ్చేవారికి దారి ఇవ్వడానికి గోడకు ఆనుకుంటే వీపు తడుస్తుంది; వాన చొక్కా సంచిలో కాకుండా ఒంటి మీద ఉండవలసింది ఇక్కడ. 1991లో పెద్ద రాళ్ళు విరిగిపడిన చోట బాట దారి మార్చి సొరంగం గుండా వెళుతుంది. ఆ చివరకు రాగానే ఒక్కసారిగా ఆకాశం తెరుచుకుని, వెడల్పాటి గులకరాళ్ళ రేవు, మోకాలి లోతు నీరు కనిపిస్తాయి. డబ్బాలు విప్పవలసిన చోటు అదే.

ఇక్కడి నుంచి రెండు దారులు ఉన్నాయి. అలసిపోతే వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి, అదే క్లమ్ తిరుగుదారిలో కొత్తగా కనిపిస్తుంది. ఓపిక ఉంటే 1237 మీటర్ల ఎక్‌బావర్ గుట్ట దాకా గంటన్నర ఎక్కి, అక్కడి నుంచి కేబుల్ కారులో నేరుగా స్కీ స్టేడియం దగ్గర దిగండి. ఆ కేబుల్ కారు చివరి సమయం మీరు రాత్రి రాసుకున్న కాగితంలో ఉండాలి. సాయంత్రం బండికి గంట మిగిలితే పార్టెన్‌కిర్హెన్‌లోని లూడ్విగ్ వీధికి వెళ్ళండి. ఇళ్ళ గోడల మీద కిటికీల చుట్టూ వేసిన పాత రంగుల బొమ్మలు అక్కడ ఉన్నాయి.

ఒక హెచ్చరిక: మంచు కరిగే వసంతకాలంలోను, గట్టి వాన తరువాత, రాళ్ళు పడే ప్రమాదం ఉన్నప్పుడు క్లమ్‌ను మూసేస్తారు. ఉదయం బండి ఎక్కేముందే దాని వెబ్‌సైటు చూసుకోండి. అలాగే ఈస్టరు తరువాత కొన్ని వారాలు, మళ్ళీ నవంబరులో చాలా కేబుల్ కార్లు వార్షిక తనిఖీ కోసం ఆగిపోతాయి. బోర్డు మీద "రివిజోన్" అని ఉంటే అదే.

కొండ మీద మర్యాద, జాగ్రత్త

దారి బోర్డులు పసుపు రంగులో ఉంటాయి, ఊరి పేరు పక్కన పట్టే సమయం రాసి ఉంటుంది. ఆ సమయం ఇక్కడి వారి అడుగులకు లెక్క. మనవాళ్ళకు ఫొటోలు కలుపుకుని దానికి సగం అదనంగా వేసుకోండి. కొండ బాటల్లో నీలి చుక్క సులువైన దారిని, ఎరుపు మధ్యరకాన్ని, నలుపు కఠినమైనదాన్ని సూచిస్తాయి. అప్పటికప్పుడు అనుకుని వచ్చినవారు నలుపు జోలికి పోకూడదు, ఎరుపును కూడా పొడి వాతావరణంలోనే ఎంచుకోవాలి. వేసవిలో ఉరుములు మెరుపులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక వస్తాయి. జర్మన్ వాతావరణ శాఖ వారి వార్న్‌వెట్టర్ యాప్ ఫోనులో ఉంచుకుని, ఎక్కువ నడక మధ్యాహ్నం రెండింటి లోపు ముగించండి.

ఎదురుపడిన ప్రతివారికీ "గ్రూస్ గాట్" అని చెప్పండి. నగరంలో పక్కింటివారిని పలకరించని మనుషులే కొండ మీద పలకరిస్తారు. వెయ్యి మీటర్లు దాటాక అందరూ "మీరు" వదిలి "నువ్వు" అనుకోవాలని ఇక్కడ ఒక సంప్రదాయం ఉంది. మన భాషలో పెద్దవారిని అలా అనలేం గాని, జర్మన్‌లో ఎవరైనా మిమ్మల్ని "డూ" అంటే తక్కువ చేశారని అనుకోకండి.

ప్రమాదం జరిగితే 112కు ఫోను చేయాలి. అది ఉచితం, కొండ రక్షణ దళాన్ని కూడా వారే పంపుతారు. సిగ్నల్ లేని చోట ఈల గాని దీపం గాని వాడి నిమిషానికి ఆరుసార్లు, అంటే పది సెకన్లకొకసారి, సంకేతమిచ్చి, ఒక నిమిషం ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. విన్నవారు నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు. గ్రూపులో ఒక్కరికైనా ఈ లెక్క గుర్తుండాలి.

సరిహద్దు దాటేవారికి

బైయర్న్ టికెట్ జాల్జ్‌బుర్గ్ దాకా చెల్లుతుందని చెప్పాను కదా, అక్కడికి వెళ్ళాలని ఉబలాటం కలగడం సహజం. భారత పాస్‌పోర్టు, జర్మన్ నివాస కార్డు రెండూ వెంట ఉంటే ఇబ్బంది లేదు. రెండింటిలో ఏది ఇంట్లో ఉన్నా వెళ్ళవద్దు. 2015 నుంచి ఈ సరిహద్దులో తనిఖీలు ఉన్నాయి, తిరుగు ప్రయాణంలో పోలీసులు రైలులోకి వచ్చి చూస్తారు. ఫోనులో ఉన్న పాస్‌పోర్టు ఫొటో లెక్కకు రాదు. నివాస కార్డు గడువు ముగిసి, దాని స్థానంలో ఇచ్చే తాత్కాలిక కాగితం మాత్రమే చేతిలో ఉన్నవారు, ఆ కాగితంతో బయటికి వెళ్ళి తిరిగి రావడానికి అనుమతి ఉందో లేదో తేల్చుకోకుండా సరిహద్దు దాటకూడదు. ఆ వారం జాల్జ్‌బుర్గ్ బదులు కీమ్‌జే సరస్సు చూడండి. అదే రైలు మార్గంలో ప్రీన్‌లో దిగితే, అక్కడి నుంచి పడవలో లూడ్విగ్ రాజు మరో భవనం ఉన్న దీవికి వెళ్ళవచ్చు.

రాత్రి ఉండిపోవాలనిపిస్తే

కొన్నిసార్లు సాయంత్రం ఊరు వదలబుద్ధి కాదు. పల్లెల్లో కొన్ని ఇళ్ళ ముందు "త్సిమ్మర్ ఫ్రై" అన్న బోర్డు కనిపిస్తుంది, గది ఖాళీగా ఉందని అర్థం. తలుపు తట్టి అడగవచ్చు. నోట్లు అడుగుతారు, ఉదయం రొట్టె, కాఫీ ఇస్తారు. పర్యాటక పన్ను కొంచెం కలుస్తుంది. బదులుగా ఇచ్చే అతిథి కార్డుతో చాలా ఊళ్ళల్లో స్థానిక బస్సులు ఉచితం, అడిగి తీసుకోండి. కొండ మీది ఆల్పైన్ సంఘాల వసతి గృహాలను మాత్రం ముందుగా కేటాయించుకోకుండా నమ్ముకోవద్దు.

తిరిగి వచ్చేటప్పుడు

రాసుకున్న బండికి అరగంట ముందు స్టేషనులో ఉండండి, ఎందుకంటే ఎండ కాసిన రోజు అందరూ అదే బండి ఎక్కుతారు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయవద్దు, చాలావాటికి 25 సెంట్ల డిపాజిట్ తిరిగి వస్తుంది. మీరు మ్యూనిక్ చేరేసరికి ఎనిమిది దాటి, ఇంటి దగ్గరి దుకాణం మూసి ఉంటుంది. మరునాటి పాలు, పెరుగు, కొత్తిమీర లేవని అప్పుడు గుర్తొస్తే, హాప్ట్‌బాన్‌హోఫ్ లోపలి దుకాణాలు ఆలస్యంగా కూడా, ఆదివారం కూడా తెరిచి ఉంటాయి. ధర కొంచెం ఎక్కువే. కొత్తిమీర దొరకదు, పాలు దొరుకుతాయి.